ఇంటి కంప్యూటర్ బ్యాకప్: మేడ మీద ఒక డిస్క్, ఊర్లో ఇంకో డిస్క్

2023 జులై చివర్లో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. మా అక్కావాళ్ల ఇల్లు ఆ వైపే, గ్రౌండ్ ఫ్లోర్. రాత్రికి రాత్రి మోకాలి లోతు నీళ్లు. బియ్యం బస్తా, టీవీ, సర్టిఫికెట్ల ఫైలు మేడ మీదికి చేర్చారు గానీ, టేబుల్ కింద నేల మీద ఉన్న సీపీయూ ఎవరికీ గుర్తుకు రాలేదు. మా బావ బ్యాకప్ తీయని మనిషేం కాదు. ప్రతి దసరా సెలవుల్లో ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించేవాడు. ఆ డిస్క్ అదే టేబుల్ అడుగు సొరుగులో ఉంది. రెండూ ఒకేసారి నానిపోయాయి. మా బాపు ఫొటోల్లో చాలావరకు ఆ రెండింటిలోనే ఉండేవి. ఇప్పుడు మాకు మిగిలినవి వాట్సాప్‌లో పంపుకున్న కొన్ని, అవీ సైజు తగ్గి మసకబారినవి.

ఆ తర్వాత మా ఇంట్లో, అక్కావాళ్ల ఇంట్లో నేను చేసిపెట్టిన ఏర్పాటు గురించి ఇక్కడ రాస్తున్నాను. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కంప్యూటర్‌కు దూరంగా, ఇంకో గదిలోనో పై అంతస్తులోనో ఉంచి, ఇంటి నెట్‌వర్క్ ద్వారా షేర్ చేయడం. అప్పుడు కంప్యూటర్ గంటకోసారి తనంతట తానే అందులోకి కాపీ చేసుకుంటుంది. డిస్క్ చేత్తో తగిలించి కాపీ చేసే పద్ధతిలో ఉన్న పెద్ద లోపం, అది మనకు గుర్తుండాలి. పిల్లల పరీక్షలు, పెళ్లిళ్లు, పొలం పనుల మధ్య అది గుర్తుండదు. మీ దగ్గర విండోస్ కంప్యూటర్, వైఫై రౌటర్, మూలన పడ్డ పాత లాప్‌టాప్ ఉంటే ఒక ఆదివారం పూట సరిపోతుంది.

ఏం కాపాడాలో రాసుకోండి

డిస్క్ కొనేముందు ఒక కాగితం మీద రాయండి: పోతే మళ్లీ దొరకనివి ఏవి? సినిమాలు, సాఫ్ట్‌వేర్లు మళ్లీ దొరుకుతాయి. పెళ్లి వీడియోలు, బతుకమ్మ ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల ప్రాజెక్టులు, దుకాణం లెక్కలు దొరకవు. ఆ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజులు చూసి కూడండి. వచ్చిన మొత్తానికి కనీసం రెండింతల డిస్క్ తీసుకోండి. పాత వెర్షన్లు కూడా దాచుకుంటాం కాబట్టి జాగా కావాలి. 400 జీబీ ఉంటే 1 టీబీ డిస్క్ సరిపోతుంది.

ఈ లెక్క వేసేటప్పుడు చాలామందికి తట్టనివి రెండున్నాయి. ఒకటి, దుకాణం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్. దాని డేటా మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండకపోవచ్చు. కంపెనీ ఎంచుకునే చోట డేటా పాత్ కనిపిస్తుంది, అది రాసుకోండి. రెండు, డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) చేసేవాళ్ల ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసి ఉంటే, ఫైలు ఒక్కటే దాచితే లాభం లేదు. అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు చదవగలిగే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు. ఆ ఫాంటే లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి ఫాంట్లను, వాటి ఇన్‌స్టాలర్‌ను కూడా ఒక ఫోల్డర్‌లో పెట్టి బ్యాకప్‌లో చేర్చండి. పదేళ్ల కిందటి పెళ్లిపత్రిక మళ్లీ కావాలని వచ్చే కస్టమర్ ముందు ఇది చాలా అక్కరకొస్తుంది.

ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఫైలు పక్కన నీలం మబ్బు గుర్తు ఉందంటే, ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. దాన్ని బ్యాకప్ తీయడం కుదరదు. ముఖ్యమైనవాటి మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి. ఆ తర్వాత కూడా అవి బ్యాకప్‌లోకి వచ్చాయో లేదో కళ్లతో చూడండి. నేనైతే ముఖ్యమైన ఫోల్డర్లను వన్‌డ్రైవ్ బయటే పెట్టుకుంటాను.

డిస్క్ దేనికి తగిలించాలి

దారులు రెండు. మొదటిది, రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటే డిస్క్‌ను నేరుగా దానికే తగిలించడం. వినడానికి ఇదే తేలిక. కానీ ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే చాలా రౌటర్లలో ఆ పోర్టు బలహీనం. చిన్న పోర్టబుల్ డిస్క్ తిరగడానికి కావలసిన కరెంటు కూడా సరిగా అందక, టిక్కుటిక్కుమని ఆగిపోతుంటుంది. ఆ చప్పుడు వింటే వెంటనే తీసేయండి, అలాగే వదిలేస్తే డిస్క్ పాడవుతుంది. కొన్ని రౌటర్లు ఫ్యాట్32 ఫార్మాట్ తప్ప వేరేది చదవవు. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అంటే పెళ్లి వీడియో ఎక్కదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత రౌటర్లు ఎస్‌ఎంబీ1 అనే పాతకాలపు పద్ధతిలో షేర్ చేస్తాయి. 2017 మేలో ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసిన వానాక్రై వైరస్ పాకింది ఆ పద్ధతిలో ఉన్న లొసుగు గుండానే. అందుకే అదే ఏడాది చివరి నుంచి కొత్త విండోస్‌లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ అయితే పాస్‌వర్డ్ లేని షేర్లను కూడా తెరవనివ్వదు. రౌటర్ షేర్ తెరుచుకోవడం లేదని వెతికితే, ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమనే సలహాలు బోలెడు దొరుకుతాయి. దయచేసి ఆ పని చేయకండి. బ్యాకప్ కోసం ఇంటి తలుపు తీసిపెట్టినట్టు అవుతుంది.

రెండో దారి పాత లాప్‌టాప్. నా ఓటు దీనికే. దానికి మన దగ్గర ఒక ప్రత్యేకమైన కారణం ఉంది: కరెంటు కోతలు. పోర్టబుల్ డిస్క్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. లాప్‌టాప్ బ్యాటరీ కొద్దిగా పనిచేసినా చాలు, కరెంటు పోయినప్పుడు డిస్క్ ఠక్కున ఆగిపోదు. డిస్క్ రాస్తూ ఉండగా కరెంటు పోవడమే దానికి అన్నిటికంటే చేటు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంటే, దాన్ని మార్చండి లేదా లాప్‌టాప్‌ను ఇన్వర్టర్ లైన్ ఉన్న సాకెట్‌కు తగిలించండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఆ లాప్‌టాప్‌ను రోజంతా ఛార్జింగ్‌లో అస్సలు వదలకండి.

ఆ లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంటే ఒక మాట. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కాబట్టి దాంట్లో బ్రౌజింగ్ వద్దు, మెయిల్ వద్దు. పిల్లలకు ఆటలకు ఇవ్వొద్దు. బ్యాకప్ దాచడం తప్ప దానికి ఇంకే పనీ పెట్టకండి. లినక్స్ తెలిసినవాళ్లు లినక్స్ మింట్ వేసి, విండోస్‌కు ఫోల్డర్లు పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా షేర్ చేస్తే ఇంకా మేలు.

చోటు విషయానికొస్తే, నీళ్లు ఎక్కని ఎత్తులో, కంప్యూటర్ లేని గదిలో పెట్టండి. సజ్జ మీద పెట్టాలనిపిస్తుంది గానీ, మన ఎండాకాలంలో 43, 44 డిగ్రీల వేడికి స్లాబు కింద సజ్జ పెనంలా కాలుతుంది. రేకుల గది అయితే చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో మేడ మీద గదిలో గోడకు నడుము ఎత్తులో ఉన్న అల్మారాలో పెట్టాను. తలుపు కొద్దిగా తీసే ఉంటుంది, గాలి ఆడుతుంది.

లాప్‌టాప్‌ను సిద్ధం చేయడం

డిస్క్ తగిలించి, ఖాళీ డిస్క్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఫార్మాట్ చేయండి. అందులో ఏమైనా ఉంటే ముందు వేరే చోటికి తీసుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. పవర్ సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు స్లీప్‌ను నెవర్ అని పెట్టండి. మూత మూస్తే ఏం చేయాలన్న చోట డూ నథింగ్ ఎంచుకోండి. ఈ రెండూ మర్చిపోతే పది నిమిషాల తర్వాత లాప్‌టాప్ నిద్రపోతుంది, బ్యాకప్ ఆగిపోతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా మార్చండి. పబ్లిక్‌లో ఉంటే విండోస్ షేరింగ్‌ను అడ్డుకుంటుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

తర్వాత బ్యాకప్ కోసమే ఒక కొత్త యూజర్‌ను తయారు చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి ఇంకొకరిని చేర్చే చోట, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా చేర్చే ఆప్షన్ ఎంచుకోండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం పొడవుగా ఉండాలి. దాన్ని కాగితం మీద రాసి పాస్‌బుక్కులు, బంగారం కాగితాలు పెట్టే బీరువాలో దాచండి. మీకు ఏమైనా అయితే ఇంట్లోవాళ్లు ఫొటోలు తెరవగలగాలి కదా.

ఇప్పుడు డిస్క్‌లో ఒక ఫోల్డర్ తయారు చేసి, దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్. షేర్ చేయమని టిక్ పెట్టి పర్మిషన్స్ తెరవండి. అక్కడ ఎవ్రీవన్ అని ఉన్నదాన్ని తీసేసి, మీరు తయారు చేసిన యూజర్‌ను చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. పక్కనే ఉన్న సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా అదే యూజర్‌కు అనుమతి ఇవ్వాలి. ఈ రెండో చోట ఇవ్వకపోవడం వల్లే చాలామందికి యాక్సెస్ డినైడ్ అని వస్తుంది.

చివరగా లాప్‌టాప్ అడ్రస్ మారకుండా చూసుకోవాలి. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక అది మారిపోవచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచి, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట లాప్‌టాప్‌కు ఒక అడ్రస్ ఖాయం చేయండి. ఉదాహరణకు 192.168.1.50. సరైన రౌటర్ అడ్రస్, పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.

కంప్యూటర్ నుంచి కలపడం

డెస్క్‌టాప్ దగ్గరికి రండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో \\192.168.1.50 అని కొట్టండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇచ్చి, గుర్తుంచుకోమని టిక్ పెట్టండి. షేర్ చేసిన ఫోల్డర్ కనిపిస్తే సగం పని అయినట్టే. అందులో ఒక చిన్న ఫైలు పెట్టి, తీసేసి చూడండి. రెండూ జరిగితేనే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్ తెరిచి, విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సదుపాయానికి వెళ్లండి. విండోస్ 11లో ఇది సెట్టింగ్స్‌లో కనిపించదు, కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉంటుంది. ఎడమ పక్క సెలెక్ట్ డ్రైవ్ నొక్కి, యాడ్ నెట్‌వర్క్ లొకేషన్ ద్వారా ఆ ఫోల్డర్‌ను చూపించండి. టర్న్ ఆన్ నొక్కండి.

ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్‌ను, లైబ్రరీల్లో ఉన్నవాటిని మాత్రమే దాస్తుంది. లైబ్రరీలంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్. మీ ఫొటోలు డీ డ్రైవ్‌లో విడిగా ఉంటే అది వాటి జోలికి పోదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, షో మోర్ ఆప్షన్స్‌లో ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ ఎంచుకుని చేర్చాలి. టాలీ ఫోల్డర్‌ను, ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా ఇలాగే చేర్చండి. మీరు మొదట రాసుకున్న కాగితం ఇప్పుడు తీసి, ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోండి.

అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో గంటకోసారి కాపీ చేయాలని ముందే ఉంటుంది. అదే ఉంచండి. పాత వెర్షన్లు ఎన్నాళ్లు ఉంచాలన్న చోట ఫరెవర్ అని ఉంటుంది. డిస్క్ చిన్నదైతే ఏడాది పెట్టండి. టాలీ వాడేవాళ్లు మాత్రం ఇక్కడితో ఆగకూడదు. టాలీ తెరిచి ఉండగా తీసిన కాపీ సరిగా ఉంటుందన్న నమ్మకం లేదు. రోజూ దుకాణం కట్టేముందు టాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ఒక కాపీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి తీయండి. అక్కడి నుంచి ఫైల్ హిస్టరీ తీసుకెళ్తుంది.

పాత వెర్షన్లు ఎందుకంటారా? రెండు ఫోల్డర్లను అచ్చంగా ఒకేలా ఉంచే సింక్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటితో ఒక ప్రమాదం ఉంది. మీరు పొరపాటున ఫొటోల ఫోల్డర్ డిలీట్ చేస్తే, అది అక్కడ కూడా డిలీట్ చేస్తుంది. పాత వెర్షన్లు దాచినప్పుడే నిన్నటి స్థితికి, పోయిన నెల స్థితికి వెనక్కి వెళ్లగలం.

మొదటిసారి కాపీ

మొదటి బ్యాకప్‌కు చాలా సమయం పడుతుంది, టెన్షన్ పడకండి. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద సెకనుకు 4 ఎంబీ చొప్పున వెళ్తే 100 జీబీకి దాదాపు 7 గంటలు. రౌటర్‌కు కేబుల్ తగిలించి, పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే రెండున్నర గంటలు. అంతా గిగాబిట్ అయితే, డిస్క్ కూడా యూఎస్‌బీ 3 పోర్టులో ఉంటే పావుగంట, ఇరవై నిమిషాలు. అయితే వేలకొద్దీ చిన్న ఫొటోలు ఉన్నప్పుడు దీనికంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి మొదటిసారికి ఒక్క పూట కేబుల్ వాడండి. లేదా లాప్‌టాప్‌ను కిందికి తెచ్చి రౌటర్ పక్కనే పెట్టి, పని అయ్యాక పైకి చేర్చండి. ఆ తర్వాత మారిన ఫైళ్లే వెళ్తాయి కాబట్టి వైఫై చాలు. మబ్బు పట్టి ఉరుములు మెరుపులు ఉన్న సాయంత్రం మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

తీసి చూడండి

బ్యాకప్ అయిందని స్క్రీన్ మీద రాగానే నమ్మకండి. డెస్క్‌టాప్ మీద ఒక ఉత్తుత్తి ఫైలు తయారు చేసి, ఫైల్ హిస్టరీలో రన్ నౌ నొక్కి, ఆ ఫైలును డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. ఇప్పుడు రిస్టోర్ పర్సనల్ ఫైల్స్‌లోకి వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకోండి. ఆ తర్వాత లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి డిస్క్‌ను నేరుగా తెరవండి. మీ ఫైళ్లు మామూలు ఫైళ్లలాగే, పేరు పక్కన తేదీతో కనిపించాలి. ఫైల్ హిస్టరీలో నాకు నచ్చేది ఇదే. రేపు మీ కంప్యూటర్ పూర్తిగా పోయినా, ఆ డిస్క్‌ను ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఫొటోలు తెరుచుకుంటాయి, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇలా నెలకోసారి చూడాలి. నేను కరెంటు బిల్లు కట్టిన రోజే చూస్తాను, అందుకని మర్చిపోను. చివరిసారి ఎప్పుడు కాపీ అయిందో ఫైల్ హిస్టరీ పేజీలోనే ఉంటుంది. ఆ తేదీ పాతబడిందంటే లాప్‌టాప్ ఆఫ్ అయిందో, పాస్‌వర్డ్ మారిందో, డిస్క్ నిండిందో చూడండి. ఒక ఐదు ఫొటోలు, ఒక వీడియో కూడా తెరిచి చూడండి. సైజు సున్నా ఉన్న ఫైలు కనిపిస్తే డిస్క్‌ను అనుమానించండి.

ఊర్లో డిస్క్

ఇంతవరకు చేసింది సీపీయూ కాలిపోయినా, నీళ్లలో మునిగినా, చేయి జారి డిలీట్ చేసినా కాపాడుతుంది. ఇల్లంతా ఒకేసారి దెబ్బతింటే, దొంగలు పడితే కాపాడదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినా కాపాడుతుందని చెప్పలేను. మీ కంప్యూటర్ ఆ షేర్‌లోకి రాయగలిగినప్పుడు, మీ కంప్యూటర్‌లో దూరిన వైరస్ కూడా రాయగలదు. అందుకే దేనికీ తగిలించని డిస్క్ ఇంకొకటి, వేరే ఇంట్లో ఉండాలి.

మాది ములుగు వైపు ఊరు. నా దగ్గర ఇందుకోసం రెండు చిన్న డిస్కులు ఉన్నాయి. ఒకటి ఊర్లో మా అమ్మ బీరువాలో ఉంటుంది. ఇంకోటి ఇక్కడ. దసరాకు వెళ్లేముందు ఇక్కడి డిస్క్‌లోకి అన్నీ కాపీ చేసి, డిస్క్ తీసేసి, బ్యాగులో పెట్టుకుంటాను. ఊర్లో దాన్ని పెట్టి, పాతదాన్ని వెనక్కి తెస్తాను. సంక్రాంతికి మళ్లీ మార్పు. ఇలా చేస్తే డిస్క్ లేని రోజు ఊర్లో ఒక్కటీ ఉండదు. రెండు కొనే వీలు లేకపోతే ఒకటే తీసుకుని, ఊరి నుంచి తెచ్చిన రోజే నింపి, వీలైనంత త్వరగా వెనక్కి పంపండి. ఇలా బీరువాలో నెలల తరబడి ఉండే డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) కంటే మామూలు తిరిగే హార్డ్ డిస్క్ మేలు. కరెంటు తగలకుండా ఏళ్లకొద్దీ పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలో డేటా చెదిరే అవకాశం ఉంది.

బస్సులో వెళ్లే డిస్క్ పోవచ్చు. అందులో ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు ఉంటే తాళం వేయకుండా తీసుకెళ్లకండి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంది. హోమ్ ఎడిషన్ ఉన్నవాళ్లు వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. దాని పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరూ తెరవలేరు, కంపెనీవాళ్లు కూడా. బీరువాలోని ఆ కాగితం మీద దీన్నీ రాయండి. డిస్క్ ఊర్లో, కాగితం ఇక్కడ.

పోయిన దసరాకు అక్కావాళ్ల డిస్క్ కూడా మా బ్యాగులోనే ఊరికి వెళ్లింది. అమ్మ రెండింటికీ పాత చీర గుడ్డలు చుట్టి, పైన పేర్లు రాసిన చీటీలు కట్టి పై అరలో పెట్టింది.